కారు కొనకమునుపు కూర్చుండుడి

ధ్యానభాగము: లూకా సువార్త 14వ అధ్యాయము, 28 మొదలు 30 వరకు



గోపురము కట్టగోరిన ఒక మనుష్యుని గూర్చి ప్రభువు చెప్పుచు, వాడు మొట్టమొదట చేయవలసిన పని యేదో చూపించెను. రాళ్లు తెప్పించుట కాదు, మేస్త్రీని పిలుచుట కాదు, పునాది త్రవ్వుట కాదు. ముందు కూర్చుండవలెను. కూర్చుండి, అగు ఖర్చెంతయో, తనయొద్ద ఉన్నదెంతయో లెక్క చూడవలెను. ఆలాగు చేయనివాడు పునాది వేసి, గోడలు లేపలేక, దారిని పోవువారి నవ్వులకు పాలగును.

ప్రభువు ఈ మాట తన్ను వెంబడింపగోరిన వారితో చెప్పెను. శిష్యుడగుట తేలికైన పని కాదని వారికి తెలియవలెనని ఆయన ఉద్దేశము. అయినను, అంత గొప్ప సంగతికి ఆయన తీసికొనిన ఉపమానము ఇంటి జమాఖర్చు. కాబట్టి ఇంటి లెక్కలు చూచుకొనుట ఆత్మసంబంధము కాని పనియని మనము అనుకొనరాదు. కప్పు లేక, ఇనుప చువ్వలు ఆకాశమువైపు చూచుచు నిలిచిపోయిన ఇండ్లను మన ఊళ్లలో మీరు చూచియున్నారు. ఈ దినములలో అట్టి గోపురములు కొన్ని చక్రములమీద కూడ నిలుచుచున్నవి.

ఈ నెల నేను ఈ సంగతి వ్రాయుటకు కారణము గలదు. ఉయ్యూరు ప్రక్క గ్రామమున ఉన్న మన సంఘపు యౌవనుడొకడు బెజవాడలో ఒక కంపెనీలో పని చేయుచున్నాడు. దినదినము మోటారు సైకిలుమీద పోయి వచ్చును. జీతము నెలకు 50,000 రూపాయలు. తండ్రికి రెండెకరముల సొంత పొలము, మరి మూడెకరములు కౌలు. చెల్లెలు నర్సింగు చదువుచున్నది. ఆ యౌవనుడు టర్బో ఇంజను గలిగి, చేతితో గేర్లు మార్చు కొత్త సెడాను కారు కొనవలెనని ఆశపడి, ఆదివారము ఆరాధన తరువాత నన్ను నిలిపి, "అయ్యగారూ, కొనమంటారా, వద్దంటారా?" అని అడిగెను.

ఈ ప్రశ్నకు రెండు సులువైన జవాబులున్నవి. ఒకటి, "అది లోకాశ, వద్దు నాయనా" అనుట. రెండవది, "దేవుడు ఆశీర్వదించినాడు, కొనుక్కో నాయనా" అని, కారు వచ్చిన దినమున ప్రార్థన చేసి, మిఠాయి పెట్టె పుచ్చుకొనుట. ఈ రెండును చెప్పుట తేలికయే గాని, రెండింటిలోను కూర్చుండుట లేదు. గనుక "ముందు కూర్చుందము" అంటిని. ఒక సాయంత్రము వారి యింట, తల్లిదండ్రుల యెదుట, కాగితము కలము పట్టుకొని కూర్చుంటిమి. అక్కడ తేలిన సంగతులు అనేకులకు ఉపయోగపడునని వారి సెలవు పుచ్చుకొని ఇక్కడ వ్రాయుచున్నాను.

ముందుగా ఒక మాట. ఈ కోరికను నేను ఎగతాళి చేయను. మన పేటల చరిత్ర మీకు తెలియును. మన తాతలు ఊరి పెద్దవీధిలో చెప్పులు చేతపట్టుకొని నడిచిన కాలము గలదు. సైకిలెక్కి ఆ వీధిన పోవుటకు జంకిన వారి మనుమడు నేడు కారు తాళము చేతపట్టుకొని అదే వీధిన పోవగోరుట వట్టి డంబము కాదు. అందులో తల యెత్తుకొని బ్రదుకవలెనను ఆశ యున్నది. ఆ ఆశ దేవునికి అసహ్యము కాదు. అయితే మన విలువ ఆయన పోలికెలో చేయబడుటవలన కలిగినది. కారువలన రాలేదు గనుక, కిస్తీ కట్టలేక కారు పోయిన దినమున ఆ విలువ పోదు. దీనిని మనస్సున నిలుపుకొని లెక్కకు రండి.

మొదటి లెక్క: మార్గమును యంత్రమును

కొనబోవు వస్తువేదో ముందు తెలిసికొనవలెను. టర్బో అను మాట విని అనేకులు అదేదో మంత్రమనుకొందురు. ఇంజనులో పెట్రోలు మండగా వచ్చు వేడి పొగ సాధారణముగా గొట్టముగుండ బయటికి పోయి వ్యర్థమగును. టర్బో ఇంజనులో ఆ పొగ పోవుచు ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే ఇరుసునకు రెండవ కొసను మరియొక చక్రముండి, బయటి గాలిని గట్టిగా ఇంజనులోనికి త్రోయును. గాలి ఎక్కువైనకొలది పెట్రోలు ఎక్కువ మండును, బలము ఎక్కువగును. స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి అనునతడు 1905లో దీనికి హక్కు పత్రము పొందెను. పారవేయు పొగను బలముగా మార్చిన ఆ తెలివియు దేవుడు మనుష్యునికిచ్చినదే.

దీనివలన చిన్న ఇంజను పెద్ద ఇంజను చేయు పని చేయును. 2022లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ కారులో 1 లీటరు టర్బో ఇంజనుకు 115 గుఱ్ఱముల బలము చెప్పిరి. 2023లో వచ్చిన హ్యుండాయ్ వెర్నా కారులో 1.5 లీటరు టర్బో ఇంజనుకు 160 గుఱ్ఱముల బలము చెప్పిరి. రెండింటిలోను చేతితో మార్చు ఆరు గేర్ల పెట్టె దొరికెను. 2024లో కొత్తగా వచ్చిన మారుతి డిజైరు కారులో టర్బో లేదు. దాని బలము సుమారు 82 గుఱ్ఱములు. ఈ మూడు కార్లును గ్లోబల్ ఎన్‌క్యాప్ వారి ఢీకొను పరీక్షలో పెద్దల రక్షణ విషయమై అయిదు నక్షత్రములు పొందినవి. గనుక ప్రాణరక్షణ కోరువాడు తప్పక 160 గుఱ్ఱములు కొనవలెనను మాట నిలువదు.

ఈ గుఱ్ఱములు మన రోడ్డుమీద ఏమి చేయును? ఉయ్యూరు నుండి బెజవాడ సుమారు 30 కిలోమీటర్లు. గంటకు 60 చొప్పున పోయిన అరగంట పట్టును. దారిలో ఎక్కడను ఆగక గంటకు 100 చొప్పున పోగలిగినను 18 నిమిషములు పట్టును. అనగా మిగులునది 12 నిమిషములు. అదియు కాగితముమీదనే. కంకిపాడు దాటి పెనమలూరు, పోరంకి, కానూరు వచ్చునప్పటికి 160 గుఱ్ఱములును 82 గుఱ్ఱములును ఒకే ఆటో వెనుక నిలిచియుండును. బెంజి సర్కిలునొద్ద క్లచ్చి త్రొక్కి త్రొక్కి ఎడమ కాలు నొప్పి పుట్టునప్పుడు ఏ గుఱ్ఱమును మనకు సహాయము చేయదు.

ఇక మన లోపలి రోడ్లు. టర్బో ఇంజనుకు ఒక స్వభావమున్నది. చక్రమును త్రిప్పుటకు చాలినంత పొగ వచ్చువరకు దాని బలము మేలుకొనదు. పైన చెప్పిన 1 లీటరు ఇంజనుకు పూర్తి లాగుడు నిమిషమునకు 1,750 చుట్లు తిరిగిన తరువాతనే వచ్చును. కాలువ గట్టుమీద ధాన్యపు ట్రాక్టరు వెనుక నెమ్మదిగా పోవునప్పుడు మూడవ గేరులోనే ఉంచిన యెడల ఇంజను ఉస్సురనును. రెండవ గేరునకు దిగవలెను. చేతి గేర్ల కారులో ఆ పని నడుపువాడే చేయవలెను, తనంతట తాను గేరు మార్చు యంత్రము అందులో లేదు. ఇది కొందరికి సంతోషము, కొందరికి బరువు. చేతి గేర్ల కారు వెల తక్కువ. క్లచ్చి పలకలు అరిగిన యెడల బాగుచేయగల మేస్త్రీలు ఆటోనగరులోనే గాక ఉయ్యూరులోను దొరకుదురు. అయితే క్లచ్చిమీద కాలు ఆనించి నడుపు అలవాటు గలవాడు ఆ పలకలను త్వరగా తినివేయును.

మరియొక సంగతి. టర్బో ఇరుసు నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగును. దానిని కాపాడునది పలుచని ఆయిలు పొర మాత్రమే. కంపెనీ పుస్తకములో చెప్పిన రకము ఆయిలు, చెప్పిన గడువునకు మార్చనివాడు టర్బో కారు కొనరాదు. రహదారిమీద వేగముగా వచ్చి వెంటనే ఇంజను ఆపక, ఒక నిమిషము నెమ్మదిగా తిరుగనిచ్చి ఆపుట మంచిది. పాత మోటారు సైకిలుకు ఆయిలు మార్చుట మరచు మనుష్యుడు కొత్త టర్బోకు మరువడని ఎవరు పూచీపడుదురు? కొంచెములో నమ్మకముగా ఉన్నవాడే ఎక్కువలోను నమ్మకముగా ఉండునని ప్రభువు అదే సువార్త 16వ అధ్యాయములో నేర్పెను.

వేగమును గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. రాజుల రెండవ గ్రంథము 9వ అధ్యాయములో, గోపురముమీది కావలివాడు దూరమునుండి వచ్చు రథమును చూచి, తోలుచున్న వెఱ్ఱి తోలుడునుబట్టి అతడు యెహూ అని పోల్చెను. ముఖము కనబడకమునుపే తోలుడు కనబడెను. మన పిల్లలను కూడ ఊరివారు ఆలాగే పోల్చుచున్నారు గదా! 2022లో మన దేశమందు రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరని కేంద్ర ప్రభుత్వపు నివేదిక చెప్పుచున్నది. ఆ మరణములలో నూటికి 71 అతివేగము క్రింద వ్రాయబడినవి. గంటకు 100 చొప్పున పోవు కారు ఒక్క సెకనులో సుమారు 28 మీటర్లు పోవును. వేగము రెట్టింపైన యెడల, బ్రేకు త్రొక్కిన తరువాత ఆగుటకు పట్టు దూరము నాలుగు రెట్లగును. కోతల దినములలో రోడ్డుమీద ధాన్యము ఆరబోసి, చీకటిలో కనబడుటకు చుట్టు రాళ్లు పెట్టుదురు. లైట్లు లేని ట్రక్కు మలుపునొద్ద నిలిచియుండును. కాలువ గట్టుకు అనేక చోట్ల అడ్డుగోడ లేదు. ఆ చోట 160 గుఱ్ఱములు మనలను కాపాడవు. కాపాడునది త్రొక్కకుండ నిలిచిన కాలు.

గుఱ్ఱములను రథములను బట్టి ధైర్యపడువారు కూలుదురనియు, దేవుని నామమునుబట్టి ధైర్యపడువారు నిలుతురనియు 20వ కీర్తన సారము. దేవుని నమ్ముటయనగా సీటు బెల్టు పెట్టుకొనక ప్రార్థన చేసి బయలుదేరుట కాదని కూడ జ్ఞాపకముంచుకొనుడి.

రెండవ లెక్క: ధనము

వారి యింట కాగితముమీద వ్రాసినది ఇది. చేతిలో ఉన్న సొమ్ము పోగా పది లక్షలు అప్పు తేవలెను. నూటికి 9 వడ్డీ, ఏడేండ్ల గడువు అనుకొంటిమి. నెల కిస్తీ సుమారు 16,089 రూపాయలు. 84 నెలలకు మొత్తము 13,51,476. అదే అప్పు అయిదేండ్లకు తీసికొన్న యెడల కిస్తీ 20,758, మొత్తము 12,45,480. కిస్తీ తక్కువగా కనబడు ఏడేండ్ల అప్పువలన లక్షకు పైగా అదనముగా కట్టవలెను. షోరూములో మనకు చూపించునది కిస్తీ మాత్రమే. మొత్తము మనమే గుణించుకొనవలెను.

తరువాత పెట్రోలు. పోను రాను 60 కిలోమీటర్లు, నెలకు 25 దినములు, మొత్తము 1,500 కిలోమీటర్లు. కంపెనీవారు చెప్పు మైలేజీ పరీక్షశాలలో తేలినది. మన రోడ్డుమీద లీటరునకు 15 వచ్చుననుకొంటిమి. నూరు లీటర్లు, లీటరు 110 రూపాయల చొప్పున 11,000. మోటారు సైకిలు అదే దూరము లీటరునకు 50 చొప్పున 3,300తో పోవుచున్నది. భీమా, సర్వీసు, టైర్లు వీటికి నెలకు 3,000 ప్రక్కన పెట్టవలెను. అన్నియు కూడగా 30,000కు పైన. జీతము 50,000. మిగిలిన ఇరువది వేలలోనుండి ఇంటి ఖర్చు, చెల్లెలి ఫీజు, సార్వాకు పెట్టుబడి, తండ్రి మందులు.

ఇందులో పన్ను సంగతియు తెలిసికొనుడి. 2025 సెప్టెంబరు 22 నుండి కార్లమీది జి.ఎస్.టి. మారెను. ఆ మార్పు ప్రకారము పొడవు 4 మీటర్లకు మించక, ఇంజను 1,200 సీసీకి మించని పెట్రోలు కారుకు నూటికి 18. అంతకు పొడవైన సెడానుకు, ఇంజను 1 లీటరే అయినను, నూటికి 40. దీనిమీద రాష్ట్రపు జీవితకాల పన్ను వేరు. మొదటి మూడేండ్ల మూడవ పక్షపు భీమా ముందుగానే కట్టవలెను. గనుక ప్రకటనలో వ్రాసిన వెలకును, కారు ఇంటిముందుకు వచ్చు వెలకును నడుమ పెద్ద కాలువ యున్నది.

కారు విలువ నిలుచునా? భీమావారు వాడుకొను పట్టికలో కారు విలువ మొదటి యేడు ముగియునప్పటికి నూటికి 15, మూడవ యేట 30, అయిదవ యేట 50 తగ్గును. పొలము అట్లు తగ్గదు. ఆ తండ్రి పొలము తాకట్టు పెట్టి కొంత సొమ్ము తెచ్చెదనని ప్రేమతో చెప్పెను. అప్పుడు నేను గట్టిగా, "వద్దండి" అంటిని. విలువ పెరుగుదానిని తాకట్టు పెట్టి విలువ తరుగుదానిని కొనుట సేద్యగానికి తగదు. అప్పు చేయువాడు అప్పిచ్చువానికి దాసుడగునని సామెతలు 22వ అధ్యాయములో సొలొమోను హెచ్చరించుచున్నాడు. మన పేటలలో ఒకానొకప్పుడు అప్పుకు బదులుగా పాలేరుతనము చేసినవారి మనుమలము మనము. దాస్యమనగా ఏమో మనకు ఒకరు బోధింపనక్కరలేదు.

లెక్క అంతయు వ్రాసిన తరువాత ఆ తల్లి, అంతవరకు మాటలాడక కూర్చున్న ఆమె, "అయ్యగారూ, ఇంకొకటి కూడా రాయండి. వీడు బండి మీద వెళ్లినప్పుడే ఇంటికొచ్చేదాకా నాకు నిద్ర పట్టదు. అంత స్పీడు కారైతే నా నిద్రకి ఖరీదు ఎంతో రాయండి" అనెను. కుమారుడు నవ్వి, "అమ్మా, బండి కంటే కారే నయం. వర్షంలో తడవను. లారీ తగిలినా చుట్టూ ఇనుముంటుంది" అనెను. ఇద్దరి మాటయు నిజమే. బందరు రోడ్డుమీద దినము 60 కిలోమీటర్లు రెండు చక్రములమీద పోవుట క్షేమము కాదు. కారు కావలెనను అతని మాటలో న్యాయమున్నది. అయితే ఆ న్యాయము కారునకే గాని, 160 గుఱ్ఱములకు కాదు. ఆ రాత్రి మేము ఈ రెండింటిని వేరుచేసి చూచితిమి. అవసరము ఎక్కడ ముగిసి ఆశ ఎక్కడ మొదలగుచున్నదో అక్కడ కాగితముమీద గీత గీయుట కూర్చుండుటలో ముఖ్యమైన పని. గీత అవతల ఉన్నదంతయు పాపమని నేననను. కాని దానికి ఎవరు వెల చెల్లించుచున్నారో అడుగవలెను. ఇక్కడ చెల్లించువారు చెల్లెలును తండ్రియు.

మూడవ లెక్క: ప్రక్క సీటు

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో కందాకే రాణి యొక్క ధనాగారముమీద అధికారియైన ఐతియొపీయుడు రథమెక్కి గాజా మార్గమున పోవుచుండెను. అంత దూరము ప్రయాణము చేయు అధికారికి రథము అవసరమే. ఆత్మ అతనిని రథము దిగి నడువుమని చెప్పలేదు. ఫిలిప్పునే పోయి రథమును కలిసికొనుమని చెప్పెను. ఫిలిప్పు కాలినడకను వచ్చినవాడు, దుమ్ము కొట్టుకొనిపోయినవాడు. ఆ అధికారి అతనిని చూచి అసహ్యపడక, ఎక్కి తన ప్రక్కను కూర్చుండుమని బతిమాలెను. రథములో ఖాళీ సీటు ఉండుటవలనను, దానిలో నడచువానికి చోటిచ్చుటవలనను ఆ దినమున అతనికి రక్షణ వచ్చెను.

లూకా 10వ అధ్యాయములోని సమరయునికి కూడ వాహనమున్నది. గాయపడినవానిని దానిమీద ఎక్కించి తాను నడచెను. యాజకునికిని లేవీయునికిని వాహనములున్నవో లేవో వ్రాయబడలేదు. ఉన్నను ఆగలేదు, అంతే.

ఈ డెల్టాలో సువార్త ఎట్లు వచ్చెను? 1841లో రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు బందరులో దిగిన దినములలో మంచి బాటలే తక్కువ. 1912లో బిషపుగా అభిషేకము పొందిన అజరయ్యగారు, భారతీయులలో మొదటి ఆంగ్లికను బిషపు, దోర్నకల్ ప్రాంతపు పల్లెలకు ఎద్దుబండిమీద తిరిగెను. ఆ బండి వేగమునుబట్టి ఎవరును దానిని జ్ఞాపకముంచుకొనలేదు. అది ఎవరి గుమ్మమునొద్ద ఆగెనో దానినిబట్టి జ్ఞాపకముంచుకొనిరి.

కాబట్టి కారు కొనువాడు ఈ ప్రశ్న వేసికొనవలెను: రాత్రి రెండు గంటలకు ప్రక్కింటి ఆమెకు నొప్పులు వచ్చినప్పుడు నా తలుపు తట్టుదురా? కొత్త సీట్లు పాడగునని భయపడి నేను నిద్ర నటించెదనా? ఉయ్యూరు సంతకు బుట్ట నెత్తిమీద పెట్టుకొని ఎండలో నడచుచున్న ముసలమ్మను చూచి బ్రేకు త్రొక్కుదునా? సీటు కవరుమీది ప్లాస్టికు కాగితము ఏడాది గడచినను తీయని కార్లు మన మధ్య ఉన్నవి. వస్తువు మనకు సేవ చేయవలెను. మనము వస్తువునకు సేవచేయు దినమున అది విగ్రహమైనట్టే.

ఇందునిమిత్తము ఒక మాట సంఘమంతటికిని చెప్పవలసియున్నది. బంగారు ఉంగరము పెట్టుకొనినవాడు సమాజములోనికి వచ్చునప్పుడు మంచి చోటు చూపించి, దరిద్రుని పాదపీఠమునొద్ద కూర్చుండుమను వారిని యాకోబు తన పత్రిక 2వ అధ్యాయములో గద్దించెను. నేడు ఉంగరము స్థలములో కారు వచ్చినది. ఆరాధన మధ్య కారు తలుపు చప్పుడు వినబడగానే పెద్దలు లేచి ముందు కుర్చీ వేయుదురు. ఆటోలో వచ్చిన విధవరాలు చాపమీద కూర్చుండును. ఇట్లు మనము చేయుచుండగా, యౌవనుడు కారు కొరకు అప్పు చేసిన యెడల ఆ అప్పులో కొంత భాగము మన లెక్కలో కూడ వ్రాయబడవలెను. అతనికి ఆ ఆశ నేర్పినది షోరూము మాత్రమే కాదు, మన కుర్చీయు నేర్పినది. పెండ్లి సంబంధములు చూచునప్పుడు "కారుందా?" అని అడుగువారు, అబ్బాయి ఎట్లు నడుపునో, ఎంత అప్పున్నదో కూడ అడుగుడి.

కారు లేనివారలారా, మీకును ఈ వాక్యము చెందును. ట్రాక్టరు గాని, బంగారము గాని, కొమార్తె పెండ్లికి వేయు పెద్ద పందిరి గాని, ఏదైనను అదే గోపురము. పొరుగువాని కారును చూచి అసూయపడుట కూడ ఖర్చులేని అప్పు కాదు. మనస్సు దానికి వడ్డీ కట్టుచునే యుండును. కలిమిలోను లేమిలోను తృప్తిగా ఉండుట తాను నేర్చుకొంటినని పౌలు ఫిలిప్పీయులకు వ్రాసెను. నేర్చుకొంటిననెను గనుక, అది పుట్టుకతో వచ్చునది కాదని ధైర్యము తెచ్చుకొనుడి.

కొనుటకు నిశ్చయించుకొనువారికి

ఒకని లెక్క వేరొకనికి సరిపడదు. అప్పు లేక, లేదా ఇంటి వారికి లోటు రాని అప్పుతో కొనగలిగి, దినము పెద్ద రహదారిన పోవలసిన పని గలవాడు టర్బో సెడాను కొనిన యెడల నేను అతనిని గద్దింపను. బరువుతో పోవునప్పుడును, లారీని దాటునప్పుడును దాని లాగుడు మేలే. అట్టివారు ఈ కొన్ని పనులు చేయవలెను. ఒక్కరే పోయి ఖాళీ రహదారిమీద నడిపి చూడవద్దు. భార్యాపిల్లలను, పెద్దవారిని ఎక్కించుకొని, మన ఊరి లోపలి రోడ్డుమీద, ఇరుకు మలుపులో, స్పీడు బ్రేకరుమీద నడిపి చూడుడి. అయిదుగురు కూర్చున్నప్పుడు సెడాను కడుపు నేలకు తగులుచున్నదేమో చూడుడి. మోకాళ్ల నొప్పులున్న తల్లి ఆ పల్లపు సీటులో కూర్చుండి లేవగలదో అడుగుడి. అదే కారులో టర్బో లేని ఇంజనుతో వచ్చు రకమును కూడ నడుపుడి. తేడాకు ఎంత చెల్లించుచున్నారో వ్రాసికొనుడి. ఆ దినముననే అడ్వాన్సు ఇయ్యక ఇంటికి వచ్చి ఒక రాత్రి నిద్రించుడి. రేపు ఫలాని పట్టణమునకు పోయి లాభము సంపాదింతుమని చెప్పుకొనువారితో యాకోబు, రేపు ఏమగునో మీకు తెలియదు, ప్రభువు చిత్తమైతే అని చెప్పుకొనుడని బుద్ధి చెప్పెను. ఏడేండ్ల కిస్తీమీద సంతకము చేయు కలము పట్టుకొనునప్పుడు ఆ మాట తలంచుకొనుడి. ఏడేండ్లు ఉద్యోగము నిలుచుననియు, ఒంట్లో ఆరోగ్యముండుననియు మనము ప్రమాణము చేయుచున్నాము గదా!

ఆ యౌవనుడు, ఇది వ్రాయునాటికి, అడ్వాన్సు ఇయ్యలేదు. చెల్లెలి చదువు ముగిసిన తరువాత, అప్పటికి చేతిలో కూడిన సొమ్ముతో, చిన్న కారు సంగతి మరల కూర్చుండి చూచెదనని చెప్పెను. అంతవరకు వర్షపు దినములలో బస్సున పోవుదుననెను. అతనికి ఆ టర్బో కారుమీద మనస్సు పోలేదు. పోనక్కరలేదు కూడ. ఆశను చంపుట కాదు, దానికి కళ్లెము వేయుటయే అతడు నేర్చుకొనుచున్నాడు. ఏ గేరులో పోవలెనో నిర్ణయించుట నడుపువాని వంతు. దిగవలసిన చోట రెండవ గేరునకు దిగినవాడు ఓడిపోయినవాడు కాడు.

ప్రియులారా, ఈ నెలలో మీ మీ యిండ్లలో ఒక సాయంత్రము కూర్చుండుడి. మీరు కొనదలచిన దేదైనను దాని ఖర్చును కాగితముమీద వ్రాయుడి. ఇంటిలో మాటలాడని వారిని మాటలాడనియ్యుడి. వారు చెప్పినది కూడ లెక్కలో వ్రాయుడి. తరువాత కాగితము మూసి ప్రార్థించుడి.

ప్రార్థన: మా దారులెరిగిన తండ్రీ, మాకు అక్కరయైన దానిని దయచేయుము. అక్కర లేనిదానిని అడుగునప్పుడు మాకు నిదానము నిమ్ము. రోడ్లమీద తిరుగు మా పిల్లలను క్షేమముగా ఇంటికి చేర్చుము. నీవు మాకిచ్చు వాహనములలో నడచువారికి చోటు ఉంచుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.